నాలుగో బటన్

మా ఆటల హాలు షట్టర్ మీద ఒక మాట రాసి ఉంటుంది. మా నాన్న రాయించాడు. ‘కాలవ ఒడ్డున మమ్మల్ని ఓడించినవాడు ఇంకా పుట్టలేదు.’ ఎర్ర రంగు. ఉప్పుగాలికి అక్షరాలు చేప పొలుసుల్లా ఊడుతుంటాయి. ఏటా నిచ్చెన వేసుకుని నేనే మళ్లీ పూస్తుంటాను. ఈ ఊళ్లో చాలామందికి అదొక నవ్వులాట. పక్క వీధిలో రంగురంగుల కుర్చీలతో కంప్యూటర్ ఆటల కేఫ్ పెట్టినవాడు ఒకసారి నా మొహం మీదే అన్నాడు, "ఉస్తా, అది చెరిపేసి మ్యూజియం అని రాయించుకోరాదూ" అని. మిషన్లు విప్పి బిగించే పని కాబట్టి నన్ను అందరూ ఉస్తా అంటారు. పేరు వగీహ్. ఆరో తరగతిలో బడి మాన్పిస్తే నాన్న పడవెక్కినవాణ్ణి. అయినా మ్యూజియం అంటే ఏంటో నాకు తెలుసు. చచ్చినవాటిని పెట్టే చోటు. మా మిషన్ చావలేదు. వాడి కేఫ్‌లో పిల్లలు ఒకరికొకరు వీపులు పెట్టుకుని, చెవులు మూసుకుని ఆడతారు. పక్కవాడు పడిపోయినా తెలియదు. దాన్ని ఆటంటున్నారు ఇప్పుడు.

మా నాన్న సనద్ ఒక బంబూతీ. పోర్ట్ సయీద్‌లో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. సూయజ్ కాలవలో వంతు కోసం ఆగిన ఓడల పక్కకి చిన్న పడవలో పోయి, తాడుకి కట్టిన బుట్టలో సరుకు పైకి పంపి, నావికుల సరుకు కిందికి దింపించుకునే బేరగాడు. తోలు ఒంటెలు, ఇత్తడి పళ్లేలు పైకి పోయేవి. సబ్బులు, రేడియోలు, జీన్సు ప్యాంట్లు కిందికి వచ్చేవి. ఒకరోజు ఒక జపాన్ ఓడ మీంచి బీరువా అంత పెట్టె దిగింది. నావికులు తమ గదిలో ఆడి ఆడి విసిగిపోయిన ఆట మిషన్. దాని కోసం నాన్న పడవలో ఉన్నదంతా పైకి పంపి, చాలకపోతే చేతి గడియారం కూడా విప్పి బుట్టలో వేశాడు. పడవ అంచుదాకా మునిగింది. ఒడ్డు చేరేదాకా నేను డబ్బాతో నీళ్లు తోడుతూనే ఉన్నాను. మా అమ్మ ఆ రాత్రి వంట చెయ్యలేదు.

తెర మీద ఇద్దరు కొట్టుకునే ఆట అది. రాతంతా జపాను. ఒక్క ముక్క తెలియదు కాబట్టి మనుషులకి పేర్లు మేమే పెట్టుకున్నాం. దుంగల్లాంటి చేతులున్నవాడు కసాయి. తెల్ల గౌనుది పెళ్లికూతురు. నీలం బట్టలవాడు పోస్ట్‌మాన్. ఎన్ని తన్నినా వెనక్కి తగ్గని మీసాలవాణ్ణి సయీదీ అన్నాం. ఎగువ నైలు మనుషుల మొండితనం మాకు తెలిసిందే. ఒక్కొక్కరికి ఒక కర్ర, నాలుగు బటన్లు. గుద్దు, తన్ను, గట్టి దెబ్బ, పట్టు. కర్ర వెనక్కి లాగి ఉంచితే మన మనిషి కాచుకుంటాడు, ఏ దెబ్బా తగలదు. కాచుకున్నవాణ్ణి పడగొట్టేది నాలుగో బటన్ ఒక్కటే. దగ్గరికెళ్లి నొక్కితే నడుం పట్టుకుని ఎత్తి కుదేస్తాడు.

మొదటి చలికాలానికే కుడివైపు నాలుగో బటన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆ సామాను ఎక్కడా దొరకలేదు. ఎడమ కుర్చీలో కూర్చున్నవాడు పట్టుకోగలడు, కుడి కుర్చీవాడు పట్టుకోలేడు. రోజూ కుర్చీ కోసం కొట్లాటలు. నాన్న ఒకరోజు మిషన్ మీద అరచెయ్యి పెట్టి తీర్పు చెప్పేశాడు. "ఈ హాల్లో ఎవడూ ఎవణ్ణీ పట్టుకోడు. పట్టుకున్నవాడు లేచి నిలబడి, అవతలివాడి తల ముద్దు పెట్టుకోవాలి." తప్పు చేసినవాడు ఎవరి ముందైనా చేసేది మా దగ్గర అదే. తర్వాతెప్పుడో బటన్ దొరికింది, నా చేత్తోనే బిగించాను. రూలు మాత్రం మారలేదు. మార్చమని అడిగినవాడూ లేడు. అప్పటికే మా ఆట వేరే ఆటైపోయింది.

ఎలాగంటే, కాచుకున్నవాణ్ణి చేత్తో కూల్చే దారి లేదు. ఇద్దరూ కర్రలు వెనక్కి లాగి కూర్చుంటే పొద్దు గుంకిపోతుంది. కాబట్టి అవతలివాడు తనంతట తను తెరుచుకునేలా చెయ్యాలి. పక్కనే కూర్చుంటాడు, మోచెయ్యి మన డొక్కలో ఉంటుంది, ఊపిరి వినిపిస్తుంది. వాడు నవ్వితే తెరుచుకుంటాడు. కోపమొస్తే తెరుచుకుంటాడు. అందుకని నోరు చేతికంటే ముందు పని చెయ్యడం మొదలైంది. మా పెళ్లిళ్లలో, కాఫీ హోటళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే ఈ మాటల పోటీ. ఒకడు ఎదుటివాణ్ణి దేనితోనో పోలుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు "ఎందుకట?" అని అడుగుతారు, వాడు జవాబు చెప్పి తీరాలి. చెప్పలేకపోతే పరువు పోతుంది. మేం దాన్ని మిషన్ ముందుకి తెచ్చాం. వేరే ఎక్కడా ఇలా ఆడరని ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలియదు. ప్రపంచమంతా ఇలాగే ఆడుతుందనుకునేవాళ్లం.

మా హాల్లో అందరికంటే గొప్ప ఆట ఇన్షిరాహ్ అక్కది. చేపల మార్కెట్లో ఆమె తక్కెడ ముందు నిలబడి బేరమాడిన మగాడు ఒక కేజీ ఎక్కువ కొని, దండం పెట్టి పోవాల్సిందే. కొడుకు బడి ఎగ్గొట్టి ఇక్కడ కూర్చుంటున్నాడని తెలిసి ఒకరోజు చెప్పు పట్టుకుని వచ్చింది. వాణ్ణి చెవి పట్టుకుని లేపింది. తెర మీద వాడి కసాయి దెబ్బలు తింటున్నాడు. "ఊరికే తన్నించుకుంటాడేంట్రా, పో అవతలికి" అని కూర్చుంది. వాడిప్పుడు నావికుడై ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. ఆవిడ మాత్రం ఇప్పటికీ మధ్యాహ్నం చేపలు అమ్మేసి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని వస్తుంది. ఎంత రుద్దినా కర్ర కొయ్యింగ చేప వాసన వేస్తుంది. కుడి కుర్చీ ఆమెది. కసాయి ఆమెవాడు.

మొహాబ్ మా చెల్లెలు సుహైర్ కొడుకు. పుట్టింది కువైట్‌లో, పెరిగింది కువైట్‌లో. సెల్‌ఫోన్ల షాపులో పని. ఈ ఆటలోనే అక్కడ పోటీలకి వెళ్తాడని, కప్పులు గెలిచాడని చెల్లెలు ఫోన్లో చెబుతుండేది. నేను నమ్మీ నమ్మనట్టు ఊరుకునేవాణ్ణి. ఒక ఎండాకాలం అమ్మమ్మ ఇంటికొచ్చి, మర్నాడే హాలుకి వచ్చాడు. మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు. మిషన్ చూడగానే మొహం వెలిగిపోయింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

"మావయ్యా, ఇది అసలు పెట్టె. దీన్ని ఫోటోల్లో చూడ్డమే."

"ఫోటోలో కర్ర ఆడదు. కూర్చో."

పక్క టీ కొట్టు గిర్గిస్ పళ్లెం కింద పెట్టి ఎదురు కూర్చున్నాడు. మొహాబ్ పెళ్లికూతుర్ని ఎంచుకున్నాడు. ఆట మొదలైంది. గిర్గిస్ కర్ర వెనక్కి లాగి, తీరిగ్గా గొంతు సవరించుకుని, ఏదో అనబోయాడు. పెళ్లికూతురు రెండడుగులు వేసి అతని పోస్ట్‌మాన్ నడుం పట్టుకుని నేలకేసి కొట్టింది.

గిర్గిస్ కర్ర వదిలేశాడు. నెత్తిమీద టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, తల వంచి, అలా కూర్చున్నాడు.

మొహాబ్ ఇంకో రెండుసార్లు పట్టుకుని ఆట ముగించాడు. తర్వాత పక్కకి చూశాడు. "ఏమైంది ఈయనకి? కళ్లు తిరుగుతున్నాయా?"

"ముద్దు కోసం చూస్తున్నాడు" అన్నాను.

"ఏంటి?"

"మూడు బాకీ పడ్డావు బాబూ" అన్నాడు గిర్గిస్ తల ఎత్తకుండా. "పొద్దున్నే స్నానం చేశాను, మొహమాటపడకు."

రూలు చెప్పాను. బటన్ సంగతీ చెప్పాను, దాచేదేముంది. మొహాబ్ ముందు నవ్వాడు, తర్వాత నిజంగానే జాలిపడ్డాడు. ఆ జాలే నన్ను కోసింది.

"అంటే ఇన్నేళ్లూ మీరు సగం ఆటే ఆడారన్నమాట. మావయ్యా, పట్టు లేకపోతే ఈ ఆటే లేదు. మీ మర్యాద ఏంటో తెలుసా? తుప్పు పట్టిన బటన్."

గిర్గిస్ తల ముద్దు పెట్టుకోలేదు. వరసగా కూర్చున్నవాణ్ణల్లా పట్టి పడేశాడు. ఒక్కొక్క ఆట టీ చల్లారేలోగా అయిపోయింది. ఎవడికీ నోరు తెరిచే వ్యవధి లేదు. బయటికెళ్తూ షట్టర్ మీద రాత చూసి ఆగాడు. మొదటినుంచి చివరిదాకా చదివి, తలాడించి వెళ్లిపోయాడు.

నాకు ఇల్లు లేదు, అద్దెది. పెళ్లాం తరఫువాళ్లు నన్ను బొమ్మల కొట్టువాడంటారు. బంబూతీ పడవలు తగ్గిపోయాయి, నాన్న పోయాడు. ఆయన గడియారం విప్పిచ్చి తెచ్చిన పెట్టె, ఆయన రాయించిన మాట, నాకు మిగిలినవి ఈ రెండే. అందుకే అన్నాను.

"శుక్రవారం నమాజు అయ్యాక రా. ఇన్షిరాహ్ అక్కతో ఆడు. నీ రూలే, పట్టుకో. నువ్వు గెలిస్తే ఆ రాత నా చేత్తో నేనే తుడిచేస్తాను."

"వద్దు మావయ్యా. అది తాతయ్యది."

"తాతయ్యది కాబట్టే. అబద్ధమైతే ఉండకూడదు."

"నేను ఓడితే?"

"బాకీ ఉన్న తలలన్నీ ముద్దు పెట్టుకుని వెళ్లు."

ఇన్షిరాహ్ అక్కకి మార్కెట్లో చెప్పాను. పొలుసు గీకే కత్తి ఆపకుండా విన్నది.

"నన్నడక్కుండా నా మీద పందెం కట్టావు. నేనేమన్నా కోడిపుంజునా?"

"అక్కా, వాడు పట్టుకుంటాడు. నీకు పట్టు అలవాటు లేదు."

"తక్కెడ కింద వేలు పెట్టేవాళ్లని చూశాను, చేప కళ్లకి రంగేసి అమ్మేవాళ్లని చూశాను. నీ మేనల్లుడు నన్ను భయపెడతాడా? పట్టుకోనీ." చేపని తిరగేసింది. "ఒక్కటి చెప్పు వాడికి. ఆ చెవి డిప్పలు పెట్టుకుని రావద్దను. చెవిటివాళ్లతో ఆడను నేను."

మొహాబ్‌కి చెప్పాను. "ఆ పెట్టెకి ఎలాగూ హెడ్‌ఫోన్లు పెట్టలేం కదా" అని నవ్వి, సరేనన్నాడు. అలా ఒప్పుకోవడమే వాడు చేసిన తప్పు. కాకపోతే ఆ సంగతి అప్పటికి వాడికీ తెలియదు, నాకూ పూర్తిగా తెలియదు.

శుక్రవారం హాలు నిండిపోయి జనం వీధిలోకి వచ్చారు. రంగు కుర్చీల కేఫ్‌వాడు కూడా వచ్చి గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను థిన్నర్ డబ్బా, పాత గుడ్డ తెచ్చి మిషన్ కాళ్ల దగ్గర పెట్టాను. మాటంటే మాటే. సుహైర్ కువైట్ నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడు చిన్నవాడు, పంతాలకి పోకు" అంది. "నీ కొడుకు చిన్నవాడే, నా పంతమే పెద్దది" అని పెట్టేశాను.

ఐదాటల్లో మూడు గెలిచినవాళ్లది. మొహాబ్ ఎడమ కుర్చీ, పెళ్లికూతురు. ఇన్షిరాహ్ అక్క నల్ల గౌను చేతులు మోచేతులదాకా మడిచి కుడి కుర్చీలో సర్దుకుంది.

మొదటి ఆటలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్లికూతురు వచ్చింది, పట్టుకుంది, కుదేసింది. లేచిన కసాయిని మళ్లీ పట్టుకుంది. రెండో ఆటా అంతే. అందరూ ఆమె నోటివైపు చూస్తున్నారు. పెదవులు కదలడం లేదు. గిర్గిస్ నా చెవిలో, "అక్కకి ఒంట్లో బాగోలేదేమో" అన్నాడు. నా చూపు థిన్నర్ డబ్బా మీదికి పోయింది. కేఫ్‌వాడి చూపు కూడా అక్కడే ఉంది.

"పిన్నీ, ఆపేద్దామా? పర్వాలేదు" అన్నాడు మొహాబ్. మంచిగానే అన్నాడు.

"ఆపడమేంటి నాయనా, ఇప్పుడేగా నిన్ను చూడ్డం అయింది" అంది. "నువ్వు పట్టుకునే ముందు ప్రతిసారీ ఊపిరి బిగబడతావు. మా ఆయన అప్పు అడిగే ముందు అలాగే చేస్తాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. మూడో ఆట మొదలైంది. మొహాబ్ రెండడుగులు వేశాడు.

"ఒరే అబ్బాయ్, నీ చెయ్యి కస్టమ్స్ గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ చెయ్యిలా ఉందిరా."

హాలు మొత్తం ఒక్క గొంతుతో అడిగింది: "ఎందుకట?"

"సంచీ కనపడితే చాలు, పట్టుకోకుండా ఉండలేదు."

ఈ ఊళ్లో ఆ గేటు దగ్గర సంచీ విప్పి చూపించనివాడు లేడు. వీధిలోవాళ్లకి కూడా వినపడేలా నవ్వారు. మొహాబ్ పట్టు అర క్షణం ఆలస్యమైంది. కసాయి గుద్దు పెళ్లికూతురి దవడకి తగిలింది. వాడు తలాడించి, పళ్లు బిగించి, మళ్లీ ముందుకొచ్చాడు.

"నీ పెళ్లికూతురు కాలవ దాటించే పోర్ట్ ఫువాద్ ఫెర్రీలా ఉంది."

"ఎందుకట?"

"అటు పోద్ది, ఇటొస్తది, పొద్దస్తమానం తిరుగుద్ది, ఊరు దాటదు."

వాడు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. ఆపుకునేవాడి చెయ్యి గట్టిగా ఉండదు. మూడో ఆట ఆమెది.

నాలుగో ఆటలో మొహాబ్ చేసిన పని చూసి నాకు మొదటిసారి వాడి మీద ప్రేమ పుట్టింది. ఎదురు తిరిగాడు. కువైట్‌లో పుట్టినా తల్లి మా ఊరిదే కదా, నోరు ఊరుకోలేదు.

"పిన్నీ, నీ కసాయి... నీ కసాయి ఒంటెలా ఉన్నాడు."

"ఎందుకట?" అంది హాలు.

వాడి దగ్గర జవాబు లేదు. మొదలుపెట్టడమే తెలుసు, ముగించడం తెలియదు. ఒంటె గురించి ఏం చెప్పాలా అని కళ్లు పైకెత్తి ఆలోచించాడు. చెయ్యి కర్ర మీదే ఉంది గాని మనసు ఎడారిలో ఉంది. కసాయి గుద్దాడు, తన్నాడు, మళ్లీ గుద్దాడు.

"ఎందుకట దొరా?" అని గుమ్మం దగ్గర్నుంచి అరిచారు. "ఒంటె చచ్చిపోతోంది, తొందరగా చెప్పు."

"ఎందుకంటే... మూపురం..."

"మూపురం మీద నువ్వున్నావురా నాయనా, దిగు" అంది ఇన్షిరాహ్ అక్క. వాడు కంగారుగా నాలుగో బటన్ కొట్టి పెళ్లికూతుర్ని మీదికి ఉరికించాడు. ఆమె తల కూడా తిప్పకుండా అంది: "పట్టుకో, పట్టుకో. మా ఆయన పట్టుకుని పదేళ్లయింది. నువ్వైనా పట్టుకో."

నవ్వుకి గోడలు అదిరాయి. గిర్గిస్ టీ పళ్లెం చేతిలోంచి జారి గ్లాసులు పగిలాయి, వంగి తీసినవాడు లేడు. మొహాబ్ చెవులదాకా ఎర్రబడిపోయి, నోరు మూసుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ నీళ్లలోంచి పెళ్లికూతురు ఎప్పుడు పడిపోయిందో వాడు చూడలేదు. రెండు రెండు.

ఐదో ఆట. వాడు ముఖం తుడుచుకున్నాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అప్పుడు నాకు కనపడింది కప్పులు గెలిచినవాడు ఎలా ఉంటాడో. మెడ నరం కదల్లేదు. వచ్చాడు, పట్టుకున్నాడు. వెనక్కి తగ్గాడు, మళ్లీ వచ్చాడు.

"నీ మొహం నిన్నటి చేపలా ఉందిరా" అంది ఆమె.

"ఎందుకట?"

"కళ్లు తెరిచే ఉన్నాయి, చూపే లేదు."

హాలు నవ్వింది. వాడు నవ్వలేదు. మళ్లీ పట్టుకున్నాడు. తెర పైన కసాయి ప్రాణం చూపే గీత సన్నటి దారం ముక్కంత మిగిలింది. పెళ్లికూతురి ప్రాణం వేలెడు ఉంది. ఇంకొక్క పట్టు, అయిపోతుంది. వంగి గుడ్డ చేతిలోకి తీసుకున్నాను.

ఇన్షిరాహ్ అక్క మాట్లాడ్డం మానేసింది.

కర్ర వెనక్కి లాగి కూర్చుంది. ఏమీ అనలేదు. హాలు ఆమె మాట కోసం చూసింది. రాలేదు. ఫ్యాను చప్పుడు వినిపించింది. కాలవలో ఏదో ఓడ కూత వేసింది. మొహాబ్ ఒక అడుగు ముందుకేశాడు, ఆగాడు. ఊపిరి బిగబట్టాడు, వదిలేశాడు. ఇంకో అడుగు. మాట రాలేదు. వాడి భుజాలు ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అన్నట్టు పైకి లేచి ఉన్నాయి. దెబ్బకి కాదు, మాటకి కాచుకుంటున్నాడు. నవ్వడానికి సిద్ధంగా, నవ్వకుండా ఉండటానికి సిద్ధంగా. ఆ మాటే రావడం లేదు. చివరికి ఉండబట్టలేక మొహం ఆమె వైపు తిప్పాడు.

"ఏం పిన్నీ, మాట్లాడవేం?"

కసాయి గట్టి దెబ్బ కొట్టాడు. ఆ వెంటనే తన్ను, మళ్లీ గట్టి దెబ్బ. పెళ్లికూతురు గౌను గాలిలో ఒక్క చుట్టు తిరిగి వెల్లకిలా పడింది.

అరుపులు కాలవ అవతలికి వినపడి ఉంటాయి. ఎవరో నన్ను పైకెత్తారు. కింద చూస్తే గుడ్డ ఎవరి కాళ్ల కిందో ఉంది. మొహాబ్ మాత్రం తెరవైపు చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"ఏం చెప్పబోయావు పిన్నీ? చివర్లో?"

"ఏమీ లేదు."

"నిజం చెప్పు. ఏదో ఉంది."

"ఉంటే చెప్పకుండా ఉంటానా? అయిపోయాయి నాయనా. పొద్దున్నించీ మార్కెట్లో వాడేశాను." చేతులు దులుపుకుంది. "నువ్వే అడిగావు. ఎవరు అడగమన్నారు?"

వాడు తల వెనక్కి వేసి నవ్వాడు. అలాంటి నవ్వు ఆ పిల్లాడు చెవుల మీద డిప్పలు పెట్టుకుని ఎన్నడూ నవ్వి ఉండడు. లేచి, వంగి, ఆమె తల ముద్దు పెట్టుకున్నాడు.

"ఇన్ని పట్లకి ఒక్కటేనా?" అన్నాడు గిర్గిస్, టోపీ అప్పటికే ఒళ్లో పెట్టుకుని. "ఇక్కడ వరస కట్టాం బాబూ."

వరసలో అందరి తలలూ ముద్దు పెట్టుకున్నాడు. గిర్గిస్‌కి మూడు. కేఫ్‌వాడు కూడా తల వంచి నిలబడ్డాడు. "నిన్నెవడూ పట్టుకోలేదు, పో" అన్నారు.

తర్వాత మొహాబ్ కుర్చీలో మళ్లీ కూర్చుని ఒక సంగతి అడిగాడు. "పిన్నీ, నేను అన్నిసార్లు పట్టుకున్నాను. నీ కసాయి నా పక్కనే ఉన్నాడు. నువ్వు ఒక్కసారైనా నాలుగో బటన్ నొక్కలేదేం? ఈరోజు రూలు లేదుగా."

ఆమె బటన్ల వైపు వంగి చూసింది. మూడు బటన్లు వేళ్ల రాపిడికి అరిగి నున్నగా ఉన్నాయి. నాలుగోది నేను బిగించిన రోజు ఎలా ఉందో అలాగే, కొత్త పసుపు రంగులో మెరుస్తోంది.

"అది పనిచేస్తుందా?" అంది.

వాడు నా వైపు చూశాడు. తుప్పు గురించి అన్న మాట వాడికీ గుర్తుంది, నాకూ గుర్తుంది.

మర్నాటి నుంచి వాడు మా రూలు మీదే ఆడాడు. అందరి చేతిలో ఓడాడు. పీతల బండివాడి చేతిలో ఓడాడు, గిర్గిస్ చేతిలో ఓడాడు. రాత్రిళ్లు అమ్మమ్మ పక్కన కూర్చుని పోలికలు నేర్చుకునేవాడట. ఒంటెకి జవాబు దొరికిందని ఒకరోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏమంత బాగోలేదు గాని అందరం నవ్వాం. ఒక మధ్యాహ్నం ఆట మంచి వేడిమీద ఉండగా అలవాటు కొద్దీ వాడి వేలు నాలుగో బటన్ మీద పడింది. ఎవరూ నోరు తెరవకముందే కర్ర వదిలేసి, లేచి, గిర్గిస్ టోపీ తనే తీసి, తల ముద్దు పెట్టుకుని కూర్చున్నాడు. ఆట ఆగనేలేదు. నేను మిషన్ వెనక వైర్లు చూస్తున్నట్టు వంగి కాసేపు అక్కడే ఉండిపోయాను.

వాడు కువైట్ వెళ్లే ముందురోజు నిచ్చెన తీశాను. రంగు ఏడాదిగా డబ్బాలో గడ్డకట్టి ఉంది. తుడవడానికి తెచ్చిన థిన్నర్ అదే మూల ఉంది. దాన్నే పోసి కలిపాను. మొహాబ్ నిచ్చెన పట్టుకున్నాడు. నాన్న రాయించిన అక్షరాల్లో ఒక్కొక్కదాని మీద కుంచె పెట్టాను. ఎరుపు తడిగా మెరిసింది.

"మావయ్యా, కింద చిన్నగా నా పేరు కూడా రాయి. ఓడినవాడు మొహాబ్ అని."

ఇన్షిరాహ్ అక్క ఖాళీ చేపల బుట్ట చంకనెత్తుకుని అప్పుడే వస్తోంది. ఆగి, తలెత్తి షట్టర్ కేసి చూసింది.

"జాగా లేదు నాయనా" అంది. "ఓడినవాళ్ల పేర్లన్నీ రాయాలంటే షట్టర్ చాలదు. కాలవ గోడ మొత్తం కావాలి."

"ఎందుకట?" అన్నాడు వాడు కిందనుంచి.

ఆమె జవాబు చెప్పకుండా లోపలికెళ్లి కుడి కుర్చీలో కూర్చుంది. వాడు నిచ్చెననీ నన్నూ వదిలేసి ఆమె వెనకే పరిగెత్తాడు.